పట్టీ మీద ఐదు ప్రశ్న గుర్తులు: రాయగడ కమీషన్ కొట్టులో ఒక జావా కేసు

చింతపండు సీజన్ మంచి ఊపు మీదున్న రోజుల్లో కమీషన్ కొట్టు సావుకారు గారి నుంచి ఫోన్. "బాబూ, ఓసారి కొట్టుకు రా. పట్టీలో పేరుండాల్సిన చోట అన్నీ ప్రశ్న గుర్తులే. ఇది నాది కాదని సరుకు తెచ్చినాయన కాగితం బల్ల మీద పడేసి కూర్చున్నాడు."

వెళ్లి చూశాను. అమ్మిన సరుకు లెక్క రాసిచ్చే ఆ కాగితం మీద పేరు స్థానంలో ప్రశ్న గుర్తులు, ఊరి పేరు స్థానంలో ప్రశ్న గుర్తులు, తాలూకా దగ్గర సరిగ్గా ఐదు ప్రశ్న గుర్తులు. బరువు, రేటు, తరుగు, హమాలీ, కమీషన్ అన్నీ అంకెల్లో చక్కగా ఉన్నాయి. కానీ పేరు లేని పట్టీ ఎవడిదైనా కావచ్చు. ఆయన అనుమానంలో తప్పేమీ లేదు.

మా ఊరి సంగతి తెలియనివాళ్లకు ఒక మాట. రాయగడ 1992 అక్టోబరు 2న కోరాపుట్ నుంచి విడిపోయి జిల్లా అయింది. బజార్లో నడిస్తే ఒకే బోర్డు మీద ఒడియా, తెలుగు, ఇంగ్లీషు మూడూ కనిపిస్తాయి. కొట్లో బేరం తెలుగులో మొదలై ఒడియాలో తెగుతుంది. అటు బిస్సం కటక్, మునిగుడ, కాశీపూర్ వైపు నుంచి వచ్చేవాళ్లు ఒడియా చదువుతారు. ఇటు పార్వతీపురం వైపు నుంచి వచ్చేవాళ్లు తెలుగు చదువుతారు. "ఎవరి పేరు వాళ్ల అక్షరాల్లో వేయించు బాబూ, అందులో మర్యాద ఉంది" అని సావుకారు గారు అంతకు నెల ముందే అడిగారు. నేనే ఆ మార్పు చేశాను. అంతకుముందు పేర్లన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో ఉండేవి కాబట్టి ఈ జబ్బు ఏళ్ల తరబడి బయటపడలేదు.

కొట్లో పట్టీలు వేసే ఆ జావా ప్రోగ్రామ్ నేను రాసింది కాదు, వారసత్వంగా వచ్చింది. నలభైకి పైగా సర్వ్‌లెట్లు (బ్రౌజర్ అడిగింది తయారుచేసి పంపే జావా ముక్కలు), కొన్ని జేఎస్‌పీలు (హెచ్‌టీఎంఎల్ మధ్యలో జావా ఇరికించిన పేజీలు), వాటిని నడిపే సర్వర్ టామ్‌క్యాట్ 8.5, వెనకాల డేటాబేస్ మైఎస్‌క్యూఎల్. స్ప్రింగ్ లాంటి ఫ్రేమ్‌వర్క్ ఏదీ లేదు. చిన్న కొట్టుకు అంతకంటే అక్కర్లేదు కూడా.

తప్పు చోట తవ్వడం

తెలుగు పాడైందంటే మన చెయ్యి ముందు డేటాబేస్ మీదకే పోతుంది. నాదీ అంతే. టేబుల్ కొలేషన్ చూశాను, కనెక్షన్ స్ట్రింగ్ చూశాను, ఫారం నుంచి వచ్చే రిక్వెస్ట్‌కి ఎన్‌కోడింగ్ (అక్షరాలను బైట్లుగా మార్చే పద్ధతి) సెట్ చేస్తున్నామో లేదో చూశాను. సగం రోజు పోయింది. చివరికి చేయాల్సిన పని చేశాను: హెక్స్ ఫంక్షన్‌తో ఆ తాలూకా కాలమ్‌లో ఉన్న బైట్లను నేరుగా చూడటం. "రాయగడ" అన్న మాటకు మొదటి మూడు బైట్లు ఈ0, బీ0, బీ0. అన్ని భాషలూ పట్టే యూటీఎఫ్-8 ఎన్‌కోడింగ్‌లో అది "ర". మొత్తం 15 బైట్లు, ఒక్కటీ చెక్కుచెదరలేదు. డేటాబేస్ నిర్దోషి.

కంటికి "రాయగడ" నాలుగు అక్షరాలే. ప్రశ్న గుర్తులు ఐదెందుకు వచ్చాయి? అన్ని భాషల అక్షరాలకూ నంబర్లిచ్చే యూనికోడ్‌లో "ర" వేరు, దాని దీర్ఘం వేరు. ర, దీర్ఘం, య, గ, డ: ఐదు నంబర్లు, అంటే ఐదు కోడ్ పాయింట్లు. ఒక్కో కోడ్ పాయింట్‌కి ఒక్కో ప్రశ్న గుర్తు. ఆ ఐదుని లెక్కపెట్టగానే దొంగ ఎక్కడున్నాడో తెలిసిపోయింది. డేటాబేస్ నుంచి జావాలోకి స్ట్రింగ్ సరిగ్గానే వచ్చింది. జావా దాన్ని బైట్లుగా మార్చి బయటికి పంపేటప్పుడు, తెలుగు అక్షరాలే లేని ఎన్‌కోడింగ్‌ని వాడింది. తనకు తెలియని ప్రతి కోడ్ పాయింట్ దగ్గరా ప్రశ్న గుర్తు పెట్టుకుంటూ పోయింది.

ఇక్కడ కాస్త ఆగాలి. ఎందుకంటే అదే కొట్లో, అదే రోజు, రెండో రకం చెత్త కూడా కనబడింది. గుమస్తా గారు ఎక్సెల్‌లో తెరిచిన లిస్టులో ప్రశ్న గుర్తులు లేవు. నెత్తిన గీత ఉన్న ఇంగ్లీషు అక్షరం ఒకటి, దాని పక్కన డిగ్రీ గుర్తు, మళ్లీ ఆ అక్షరం, మళ్లీ డిగ్రీ. పేర్లన్నిటికీ జ్వరం వచ్చినట్టు ఉంది. ఈ రెండూ ఒకటే జబ్బని చాలామంది అనుకుంటారు. కాదు. ప్రశ్న గుర్తు వచ్చిందంటే సర్వర్ దగ్గరే అక్షరం చచ్చిపోయింది, ఆ ఫైలులోంచి దాన్ని మళ్లీ లేపలేం. డిగ్రీ గుర్తులు వచ్చాయంటే బైట్లు క్షేమంగా ఉన్నాయి, చదివేవాడు తప్పుగా చదువుతున్నాడు.

ఇంకో చిట్కా, ఇది మా లాంటి సరిహద్దు ఊళ్లలో మాత్రమే పనికొస్తుంది. యూటీఎఫ్-8లో తెలుగు అక్షరాలకు రెండో బైటు బీ0 గానీ బీ1 గానీ అవుతుంది. పాశ్చాత్య ఎన్‌కోడింగ్‌లో చదివితే అవి డిగ్రీ గుర్తు, ప్లస్-మైనస్ గుర్తు. ఒడియాకి రెండో బైటు ఏసీ లేదా ఏడీ. ఏసీ అయితే మేకులా వంగిన చిన్న గీత కనిపిస్తుంది, ఏడీ అయితే చాలాసార్లు కంటికి కనపడదు. కాబట్టి చెత్తను చూసే ఇది తెలుగు పేరో ఒడియా పేరో చెప్పేయొచ్చు. గుమస్తా గారి ముందు రెండు మూడు పేర్లు ఇలా చెప్పేసరికి నా మీద గౌరవం కొంచెం పెరిగింది. జబ్బు మాత్రం ఇంకా కుదరలేదు.

రెండు లైన్ల వరస

బ్రౌజర్ నెట్‌వర్క్ ట్యాబ్‌లో పట్టీ పేజీ హెడర్లు, అంటే పేజీ కంటే ముందు సర్వర్ పంపే వివరాలు, చూశాను. వచ్చే సరుకు ఏ రకమో చెప్పే కంటెంట్ టైప్ దగ్గర టెక్స్ట్/హెచ్‌టీఎంఎల్, దాని ఎన్‌కోడింగ్ చెప్పే చార్‌సెట్ దగ్గర ఐఎస్ఓ-8859-1 (తెలుగు లేని పాశ్చాత్య ఎన్‌కోడింగ్) అని ఉంది. కానీ సర్వ్‌లెట్ తెరిస్తే అందులో చార్‌సెట్ యూటీఎఫ్-8 అని స్పష్టంగా రాసే ఉంది! అందుకే అంతకుముందు ఆ ఫైలు చూసి కూడా దాటిపోయాను.

తేడా వరసలో ఉంది. ముందు లైన్లో గెట్‌రైటర్ పిలిచి, పేజీని బయటికి రాసే రైటర్‌ని తీసుకున్నారు. తర్వాతి లైన్లో సెట్‌కంటెంట్‌టైప్ పిలిచి యూటీఎఫ్-8 అన్నారు. సర్వ్‌లెట్ స్పెసిఫికేషన్ ప్రకారం గెట్‌రైటర్ పిలిచిన క్షణంలోనే ఎన్‌కోడింగ్ ఖరారైపోతుంది. అప్పటిదాకా ఎవరూ ఏమీ చెప్పకపోతే ఐఎస్ఓ-8859-1. ఆ తర్వాత సెట్‌కంటెంట్‌టైప్ పిలిస్తే టైప్ భాగం మారవచ్చు గానీ చార్‌సెట్ భాగాన్ని పట్టించుకోరు. ఎర్రర్ రాదు, లాగ్‌లో హెచ్చరికా రాదు.

కొట్లో హమాలీలకు ఈ సంగతి చెప్పనక్కర్లేదు. బస్తా మీద మార్కా లారీ ఎక్కక ముందే వేస్తారు.

రెండు లైన్లనీ తారుమారు చేశాను. పట్టీలో "రాయగడ" వచ్చింది, ఒడియా పేర్లూ వచ్చాయి. సావుకారు గారు టీ తెప్పించారు.

ఇక్కడి నుంచి తప్పు నాది

ఆ రెండు లైన్ల తప్పు వరస మిగతా సర్వ్‌లెట్లలోనూ ఉంది. ఒక్కొక్కటీ తెరిచి మార్చడానికి బద్ధకం. సీజన్ మధ్యలో కొట్టు ఆపలేం అని నాకు నేనే సాకు చెప్పుకుని, అన్ని దారుల మీదా ఒక ఫిల్టర్ కూర్చోబెట్టాను. ప్రతి రెస్పాన్స్‌కీ సర్వ్‌లెట్ దాకా పోకముందే టెక్స్ట్/హెచ్‌టీఎంఎల్, చార్‌సెట్ యూటీఎఫ్-8 అని ముద్ర వేయడమే దాని పని. పది లైన్ల కోడ్. ప్రశ్న గుర్తులన్నీ ఒక్క దెబ్బతో మాయం. ఆ రాత్రి హాయిగా పడుకున్నాను.

పొద్దున్నే మళ్లీ ఫోన్. "పీడీఎఫ్ బిల్లు నొక్కితే పిచ్చి పిచ్చి అక్షరాలు పేజీ నిండా వస్తన్నాయి బాబూ."

పీడీఎఫ్ ఇచ్చే పాత సర్వ్‌లెట్ అసలు కంటెంట్ టైప్ పెట్టేదే కాదు. అయినా ఇన్నాళ్లూ పనిచేసింది. హెడర్ లేకపోతే బ్రౌజర్ మొదటి బైట్లను వాసన చూసి ఇది ఫలానా అని ఊహిస్తుంది. పీడీఎఫ్ ఫైలు శాతం గుర్తుతో, పీడీఎఫ్ అన్న అక్షరాలతో మొదలవుతుంది కాబట్టి ఊహ కుదిరేది. ఇప్పుడు నా ఫిల్టర్ ఇది హెచ్‌టీఎంఎల్ అని గట్టిగా చెప్పేసింది. గట్టిగా చెప్పాక బ్రౌజర్ వాసన చూడదు, చెప్పినట్టే చూపిస్తుంది. అంటే హెడర్ లేకపోవడం కంటే తప్పుడు హెడర్ ఉండటం ఎక్కువ చేటు చేసింది.

జేసన్ (పేజీలోని స్క్రిప్ట్‌లు చదువుకునే డేటా రూపం) పంపే సర్వ్‌లెట్లదీ ఇదే కథ. స్క్రీన్ మీద తేడా కనిపించలేదు, అందుకే అవి ఇంకా ప్రమాదం. పార్టీ పేరు కాలమ్‌లో ఎవరైనా స్క్రిప్ట్ ట్యాగ్ ఎక్కించి ఉంటే, ఆ జేసన్ లింకును నేరుగా తెరిచినప్పుడు హెచ్‌టీఎంఎల్ ముద్ర వల్ల అది పేజీలా నడిచిపోతుంది. అప్లికేషన్/జేసన్ అని ఉంటే నడవదు. కొట్లో అలాంటి పని చేసేవాళ్లు లేరు, నిజమే. కానీ ఆ ద్వారం తెరిచింది నేను.

ఫిల్టర్‌లోంచి సెట్‌కంటెంట్‌టైప్ తీసేసి, సెట్‌క్యారెక్టర్‌ఎన్‌కోడింగ్ ఒక్కటే ఉంచాను. ఎన్‌కోడింగ్ ఇంటందరికీ ఒకటే, అది ఉమ్మడి చోట ఉండొచ్చు. ఏ సరుకు అన్నది మాత్రం దాన్ని తయారుచేసే సర్వ్‌లెట్‌కే తెలుసు. అది వేరే ఎవరూ చెప్పకూడదు. తర్వాత నలభై సర్వ్‌లెట్లనీ కూర్చుని ఒక్కొక్కటిగా తెరిచాను. మొదటే చేయాల్సిన పని.

సంత రోజు పాడయ్యే రిపోర్టు

అలా తెరుస్తున్నప్పుడు దొరికింది అన్నిటికంటే నచ్చిన బగ్. రోజువారీ రాబడి రిపోర్టు. మామూలు రోజుల్లో ఎక్సెల్‌లా డౌన్‌లోడ్ అవుతుంది, సంత రోజు మాత్రం బ్రౌజర్‌లోనే పేజీలా పరుచుకుంటుంది. గుమస్తా గారు ఏళ్లుగా దీన్ని "సంత రోజు నెట్టు స్లో" అని సర్దుకుపోతున్నారు. ఎవరికీ చెప్పలేదు.

కోడ్‌లో ముందు వరసలన్నీ రాసేసి, చివర్లో ఎక్సెల్ కావాలా అని చూసి అప్పుడు టైప్, డౌన్‌లోడ్ హెడర్ పెడుతున్నారు. టామ్‌క్యాట్‌లో బయటికి పంపే ముందు పోగేసుకునే చోటు, అంటే రెస్పాన్స్ బఫర్, మామూలుగా 8192 బైట్లు. వరసలు ఆ బఫర్ దాటకపోతే ఇంకా ఏదీ బయటికి పోలేదు కాబట్టి చివర్లో చెప్పినా టైప్ మారుతుంది. సంత రోజు వరసలెక్కువ, బఫర్ నిండుతుంది, నిండగానే హెడర్లతో సహా మొదటి విడత తీగలోకి వెళ్లిపోతుంది. దీన్నే కమిట్ అయింది అంటారు. ఆ తర్వాత ఏ హెడర్ పెట్టినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. పైగా తెలుగు అక్షరానికి మూడు బైట్లు. పేర్లు సొంత అక్షరాల్లోకి మారాక బఫర్ ఇంకా తొందరగా నిండి, సంత లేని రోజు కూడా అప్పుడప్పుడు పాడవడం మొదలైంది. నా మార్పు వల్లే జబ్బు ముదిరింది, కానీ పుట్టింది మాత్రం ఎప్పుడో.

బఫర్ సైజు పెంచితే సరిపోతుంది కదా అని ఒక మిత్రుడు సలహా ఇచ్చాడు. సరిపోతుంది, ఇంకా పెద్ద సంత వచ్చేదాకా. నేను టైప్ నిర్ణయాన్ని మెథడ్ మొదటి లైన్లకు తెచ్చాను. ముందు ఏ రూపం కావాలో చూడు, టైప్ పెట్టు, ఆపైనే రైటర్ తీసుకో.

ఆ "ఎక్సెల్" కూడా నిజానికి హెచ్‌టీఎంఎల్ టేబులే. దానికి ఎక్సెల్ టైప్ తగిలించి పంపేవారు. అందుకే తెరిచిన ప్రతిసారీ ఫైలు రూపానికీ ఎక్స్‌టెన్షన్‌కీ పొంతన లేదని ఎక్సెల్ గోల పెట్టేది. దాన్ని కామాలతో విడగొట్టిన నిజమైన సీఎస్‌వీగా మార్చాను, టైప్ టెక్స్ట్/సీఎస్‌వీ.

మార్చాక కూడా డిగ్రీ గుర్తుల జ్వరం తగ్గలేదు. హెడర్‌లో చార్‌సెట్ యూటీఎఫ్-8 అని ఉంది, నిజమే. కానీ ఫైలు డిస్క్ మీదకి దిగాక హెడర్ ఎవరి దగ్గరుంటుంది? గుమస్తా గారు డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో దాని మీద డబుల్ క్లిక్ చేస్తారు. ఎక్సెల్‌కి మన సర్వర్ ఎవరో, ఏమన్నాడో తెలియదు. దానికి ఫైలు లోపలే గుర్తు కావాలి. మొట్టమొదట బీఓఎం అనే మూడు బైట్లు, ఈఎఫ్, బీబీ, బీఎఫ్, రాస్తే అప్పుడు యూటీఎఫ్-8గా చదువుతుంది.

బీఓఎం రాశాను. పార్టీల లిస్టుకి పనిచేయలేదు. ఎందుకంటే అది సర్వ్‌లెట్ కాదు, జేఎస్‌పీ. పైన పేజీ సెట్టింగులు చెప్పే మూడు పేజ్ డైరెక్టివ్‌లు ఉన్నాయి, వాటి చివర ఉన్న కొత్త లైన్లు మూడూ అవుట్‌పుట్‌లోకి వచ్చి బీఓఎం కంటే ముందు కూర్చున్నాయి. డైరెక్టివ్‌ల ఖాళీలను కత్తిరించే సెట్టింగ్ జేఎస్‌పీ 2.1 నుంచి ఉంది, దాంతో సర్దుకోవచ్చు. నేను సర్దుకోలేదు, ఆ జేఎస్‌పీని తీసేసి సర్వ్‌లెట్ రాశాను. జేఎస్‌పీ పేజీలు చూపించడానికి పుట్టింది. దానిలోంచి ఫైళ్లు పంపడం అంటే ఇడ్లీ రేకుల్లో దోశ పోసుకోవడమే. అదే పద్ధతిలో బొమ్మలు పంపే ఇంకో జేఎస్‌పీలో గెట్‌అవుట్‌పుట్‌స్ట్రీమ్ ఇదివరకే పిలిచారంటూ రోజుకో ఇలీగల్‌స్టేట్‌ఎక్సెప్షన్ అనే ఎర్రర్ లాగ్‌లో పడుతోంది. అదీ పోయింది.

ఫైలు పేరు తెలుగులో రావాలని సావుకారు గారు ముచ్చట పడ్డారు. డౌన్‌లోడ్ హెడర్‌లో మామూలు ఫైల్‌నేమ్‌తో పాటు నక్షత్రం గుర్తున్న రెండో ఫైల్‌నేమ్ పెట్టి, అందులో పేరును శాతం గుర్తుల రూపంలో యూటీఎఫ్-8గా రాయాలి. జావాలోని యూఆర్‌ఎల్‌ఎన్‌కోడర్ ఖాళీని ప్లస్‌గా మారుస్తుంది, దాన్ని శాతం 20గా దిద్దుకోవాలి. ఇది మర్చిపోయి ఒక రోజంతా "చింతపండు+రాబడి" అన్న ఫైళ్లు పంపాను.

డాక్‌టైప్ పెడితే రంగులు పోయాయి

ఫోన్‌లో పేజీలు సరిగ్గా కనబడటం కోసం పాత జేఎస్‌పీల పైన, ఇది కొత్త పద్ధతి పేజీ అని బ్రౌజర్‌కి చెప్పే డాక్‌టైప్ లైన్ చేర్చాను. మరుక్షణం రంగులు, గీతలు అన్నీ పోయి పేజీ బోడిగా నిలబడింది. రంగులు, గీతలు చెప్పే స్టైల్ షీట్ (సీఎస్‌ఎస్) ఫైలు తెరిస్తే తెరుచుకుంటోంది, అంతా బాగుందనే 200 వస్తోంది.

కారణం చూసి నవ్వొచ్చింది. ఆ స్టైల్ షీట్ నిజంగా ఒక జేఎస్‌పీ. కొట్టు రంగు డేటాబేస్‌లోంచి తీసి అప్పటికప్పుడు రాస్తుంది. జేఎస్‌పీకి వేరే చెప్పకపోతే టైప్ టెక్స్ట్/హెచ్‌టీఎంఎల్. డాక్‌టైప్ లేని పేజీని బ్రౌజర్ పాతకాలపు క్విర్క్స్ మోడ్‌లో చూస్తుంది. ఆ మోడ్‌లో, అదే సైట్ నుంచి వచ్చిన స్టైల్ షీట్ టైప్ తప్పుగా ఉన్నా పోనీలే అని సీఎస్‌ఎస్‌గానే తీసుకుంటుంది. డాక్‌టైప్ రాగానే ఆ జాలి పోయింది. జేఎస్‌పీ పేజ్ డైరెక్టివ్‌లో టైప్ టెక్స్ట్/సీఎస్‌ఎస్ అని ఒక్క మాట రాస్తే సరిపోయింది.

మిగిలిన వాటిలో చెప్పుకోదగ్గది ఒకటే. మధ్యాహ్నం భోజనానికి వెళ్లి వచ్చాక కాటా స్క్రీన్ ఏమీ చెప్పకుండా మొరాయించేది. లాగిన్ అయిన సెషన్ గడువు అయిపోతే లాగిన్ ఫిల్టర్ అందరినీ లాగిన్ పేజీకి తోలేస్తుంది. జేసన్ అడిగిన స్క్రిప్ట్ కూడా ఆ దారి వెంటే పోయి, 200తో హెచ్‌టీఎంఎల్ తెచ్చుకుని, మొదటి అక్షరం దగ్గరే పళ్లు విరగ్గొట్టుకునేది. ఇప్పుడు రిక్వెస్ట్ యాక్సెప్ట్ హెడర్‌లో అప్లికేషన్/జేసన్ ఉంటే లాగిన్ కావాలనే 401, చిన్న జేసన్ ముక్క వెళ్తాయి. స్క్రిప్ట్ అది చూసి "మళ్లీ లాగిన్ అవ్వండి" అని మూడు భాషల్లో చెబుతుంది.

టామ్‌క్యాట్ 8.5కి 2024 మార్చి 31తో మద్దతు ఆగిపోయింది కాబట్టి 9కి మారాం. 10కి పోలేదు. అక్కడ సర్వ్‌లెట్ల జావాఎక్స్ ప్యాకేజీల పేర్లు జకార్తా అవుతాయి, కోడ్ అంతా దిద్దుకోవాలి, సీజన్ మధ్యలో ఆ టెన్షన్ వద్దనుకున్నాను. 9లో సర్వ్‌లెట్ 4.0 ఉంది. సెట్టింగుల ఫైలు వెబ్ ఎక్స్‌ఎంఎల్‌లో రెస్పాన్స్ క్యారెక్టర్ ఎన్‌కోడింగ్ అని ఒక్క లైన్ రాస్తే నా ఫిల్టర్ పనే లేదు. దాన్ని తీసేస్తున్నప్పుడు కొంచెం సంతోషంగానే అనిపించింది.

చివరగా బ్రౌజర్ వాసన చూడటాన్ని ఆపే నోస్నిఫ్ హెడర్ పెట్టాను. పెట్టే ముందు అన్ని యూఆర్‌ఎల్‌లనీ ఒక ఫైల్లో రాసి, ఒక్కోదానికి రావాల్సిన టైప్ పక్కన వేసి, కర్ల్ అనే కమాండ్‌తో హెడర్లు తెచ్చి పోల్చే చిన్న స్క్రిప్ట్ రాసుకున్నాను. మొదటిసారి నడిపితే ఇంకా మూడు తప్పులు దొరికాయి. బ్యాకప్ డౌన్‌లోడ్ ఒక్కదానికి ఆక్టెట్-స్ట్రీమ్ అని ఉంటే అలాగే ఉంచాను, అది నిజంగా బైట్ల మూటే.

ప్రశ్న గుర్తులతో వెళ్లిన పట్టీలన్నీ డేటాబేస్ నుంచి మళ్లీ ప్రింటు తీసి గుమస్తా గారు ఊరి వారీగా కట్టలు కట్టారు. ఆ రోజు బల్ల మీద పడేసిన పట్టీ మాత్రం సావుకారు గారు తీగకు గుచ్చిన కాగితాల్లోనే ఉంది. చింపేద్దామని చెయ్యి పెట్టాను. "ఉండనీ బాబూ, రేపు నువ్వు బిల్లు పట్టుకొచ్చినప్పుడు చూపించాలి" అన్నారు.